హారీతీదేవియు హారీతీపుత్రులును

బాదామి చాళుక్యుల శాసనములందును వేంగీచాళుక్యుల తామ్రపట్టికలందును రాజవంశవర్ణనమున మానవ్యసగోత్రులు, హారీతీపుత్రులు అను రెండు విశేషణములు వెంటవెంటనే కానవచ్చును. ఇందు మొదటిదాని యర్థమును గూర్చి వివాదము లేదు. రెండవదానిని గూర్చి మాత్రము చరిత్రకారులలో గొందఱికి నొక యూహ గలదు. హారీతి యనునది బౌద్ధవాఙ్మయప్రసిద్ధయైన యక్షిణి. పసిబిడ్డలను గాపాడు తల్లి. చాళుక్యులు తాము సప్తమాతృకలచే బెంపబడినవారమని చెప్పుకొనిరి. కావున నీ యక్షిణియే వారికి గులమాత యని వారి తలంపు. వినుట కిది యింపుగా నున్నది. కాని వినుట కింపైన మాట యెల్లయు వ్యుత్పత్తికి నిలువదు. ఈ దేవి యెవరు, ఆమెను ఏయే జనులు ఏ రీతి గొలిచిరి, ఆమె పేరునకును రాజుల బిరుదమునకును గల సంబంధ మెట్టిది యనునవి వేఱువేఱుగా విచారింపదగినవి.

హారీతి కథ మూలసర్వాస్తివాదుల వినయగ్రంథమున క్షుద్రకవస్తువునందు గలదు. రాజగృహనగరమున నొక గొల్లయిల్లాలు నిండుచూలాలై పెరుగుకుండతో బోవుచుండగా, ఉత్సవమునకు బోవు జనులు ఆమెను దమతో నాడుమని బలవంతపెట్టిరి. ఆడినంత గర్భస్రావమయ్యెను. ఆమె యా పెరుగునకు మాఱుగా నేనూఱు మామిడిపండ్లు గొని, దారిలో గనబడిన ప్రత్యేకబుద్ధునకు వానిని సమర్పించి, మఱుజన్మమున నీ నగరముననే పుట్టి వీరి బిడ్డలను దినవలెనని కోరుకొనెను. పుణ్యకార్యము చేసి పాపఫలమును గోరిన యీ ప్రార్థనము ఫలించినది. ఆమె రాజగృహమును గాచు సాతుడను యక్షునకు గూతురై పుట్టెను. పెట్టిన పేరు అభిరతి. గాంధారదేశపు యక్షుడైన పాంచాలుని కుమారుడు పాంచికుడు ఆమెను బెండ్లాడెను. ఏనూర్గురు కొడుకులు గలిగిరి. ఆమె పూర్వసంకల్పము వలన నగరములోని బిడ్డలను నొక్కొక్కనిగా గొనిపోయి తినుచుండగా, జనులు హారీతి యని పిలువసాగిరి.

బుద్ధు డామె కడగొట్టుకొడుకైన ప్రియంకరుని దన భిక్షాపాత్రముక్రింద దాచెను. తల్లి లోకములన్నియు వెదకి వేసారి తుదకు బుద్ధుని యొద్దకు వచ్చెను. ఏనూర్గురిలో నొక్కడు కనబడకున్న నీ కింత దుఃఖ మైనచో, ఒక్కడో యిద్దఱో గల తల్లుల దుఃఖ మెంతయని యాతడడిగెను. ఆమె శరణుజొచ్చెను. అయితే తానును దన బిడ్డలును నిక నేమి తిని బ్రదుకవలెనని యడిగెను. జంబూద్వీపమున నున్న తన శిష్యులందఱు భోజనవేళ నామె పేరును బిడ్డల పేరును జెప్పి యన్నము పెట్టుదురని బుద్ధుడు మాటయిచ్చెను. అందులకు మాఱుగా నామె విహారములను గాపాడవలెను.

కాశ్మీరకవి క్షేమేంద్రుడు 1052లో ముగించిన అవదానకల్పలతలో నీ కథను హారీతికాదమనమను పేర జెప్పినాడు. పేరులోని దమనశబ్దము కథలోని సగమునే చెప్పుచున్నది. దమనము క్షణకాలమున ముగిసినది. నిలిచిన దా యన్నపు మాట. దేశదేశములందు నీ దేవతారాధనమును బరిశీలించినచో, శిల్పము మాఱినను పేరు మాఱినను గోరిక మాఱినను, బహుస్థలములందు నన్నము మాత్రము విడువబడలేదు.

ఇచ్చట మహాభారతసభాపర్వములోని జర స్మరణకు రాకమానదు. ఆ రాక్షసియు మగధరాజధానియైన గిరివ్రజమునదే. రెండు వ్రక్కలుగా బుట్టి పాఱవేయబడిన శిశువును జోడించి జరాసంధుని జేసినది. తనను యౌవనవతిగా బుత్రసహితముగా గోడమీద వ్రాయించి పూజించువారి యిల్లు వర్ధిల్లునని తానే చెప్పినది, గృహదేవి యనిపించుకొన్నది. గిరివ్రజమనిన రాజగృహమే. మాంసాశని, శిశువు, పుత్రులతో గూడిన చిత్రము, ఇంటింట బూజ యను నాలుగు గుర్తులును రెండు కథలందును గలవు. బౌద్ధులు కొత్తగా దేవిని గల్పించిరనుటకంటె, మగధలో బ్రసవగృహముల బూజలందుచుండిన ప్రాతదేవత నిరువురును దమతమ గ్రంథములకు జేర్చుకొనిరనుట సమంజసము. పెనిమిటి గాంధారుడని కథ చెప్పుటయు గమనింపదగినది. వాయవ్యదేశమున బాంచికునకు వేఱుగా బూజ యుండగా, ఆ దంపతులను గలుపుటకు గథ యీ పెండ్లి చేసినట్లున్నది.

గాంధారశిల్పములం దీ దంపతులు కడు సామాన్యముగా గానవచ్చుదురు. పెషావరు మ్యూజియమునందలి సహ్రీబహ్లోల్ శిల్పమున నిరువురును బ్రక్కప్రక్కన గూర్చుండగా జుట్టును బిడ్డలు ప్రాకుచున్నారు. కొన్ని విగ్రహములలో నామె చేత బండ్లు నిండిన కొమ్ము గలదు. అది యవనుల భాగ్యదేవత చేతిది. కుషాణరాజుల నాణెములమీది అర్దోఖ్షో యను నిరానీయదేవత చేతిలోను నదియే కనబడును. శిల్పి యవనశిక్ష గలవాడు, రాజు కుషాణుడు, దాత బౌద్ధుడు, దేవత మగధది. ఇందు దేవతను నిజముగా నెఱిగినది బిడ్డకొఱకు మ్రొక్కిన స్త్రీయే యని చెప్పవలసియున్నది.

ఏలయన 7వ శతాబ్దిలో వచ్చిన హ్యూయన్‌త్సాంగు, పుష్కలావతి ప్రాంతమున బుద్ధుడు భూతమాతను వినీతురాలిని జేసిన తావున నొక స్తూప మున్నదనియు, అచ్చటి జనులు సంతానార్థమై యామె నర్చింతురనియు వ్రాసెను. ఫ్రెంచిపండితుడు ఫూషే యా స్థలమును సరెమఖెఢేరి యను దిబ్బతో గుర్తించి 1901లో బ్రకటించెను. అప్పటికి స్తూపము లేదు, బౌద్ధుడు లేడు, హారీతి పేరు నెఱిగిన వాడు లేడు. అయినను హిందూస్త్రీలును ముసల్మాను స్త్రీలును నా దిబ్బమట్టిని గొనిపోయి, మసూచి సోకకుండుటకై బిడ్డల మెడలందు గట్టుచుండిరి. మతము మాఱి వేయేండ్లు గడచినను బిడ్డతల్లి భయము మాఱలేదు.

విహారములలోని యాచారమును జక్కగా వర్ణించినవాడు ఇత్సింగు. ఇతడు 671లో బయలుదేఱి 695లో స్వదేశము చేరెను. నలందలో బహువత్సరములు చదివినవాడు. భారతదేశవిహారములలో వాకిటనో భోజనశాల మూలనో హారీతిరూప ముండుననియు, చంకన నొక శిశువును మోకాళ్లచుట్టు ముగ్గురో యేగురో బిడ్డలును నుందురనియు, దినదినమును సమృద్ధిగా నైవేద్యము పెట్టుదురనియు జెప్పెను. రోగులును సంతానహీనులును మ్రొక్కుకొందురట. సంఘమునకు విందు చేయునపుడు పంక్తి చివర నొక విస్తరి యామెకు వేయుదురనియు నాతడే వ్రాసినాడు. వినయగ్రంథమును జీనాభాషలోనికి బరివర్తించినవా డితడే గావున, గ్రంథములోని మాటయు వంటయింటిలోని యాచారమును నితనికి గరతలామలకములు.

ఇత్సింగు చెప్పిన తీరునకు గంటికి గనబడు సాక్ష్యము అజంతాలో రెండవగుహ. అందు గర్భాలయమునకు గుడిప్రక్క నొక చిన్నగదిలో హారీతీపాంచికులు కూర్చుండియున్నారు. వెనుక నొకవైపు నామె బుద్ధునిపై గవియుటయు, మఱొకవైపు శరణుజొచ్చుటయు జెక్కబడినవి. పీఠముక్రింది పట్టిక కడు మనోహరము. అది యొక బడి. పంతులు బెత్తము పట్టుకొని యున్నాడు. ముందువరుస పిల్లలు చదువుచున్నారు. వెనుకవారు పొట్టేళ్ల నాడించుచున్నారు. మనుష్యుల బిడ్డలను దినిన తల్లి తన బిడ్డలను బడికి బంపినది. వెనుకవరుసవారిని జెక్కిన శిల్పి బడి నెఱిగినవాడు.

సముద్రము దాటినచో యవద్వీపమున మెందుత్ చండి కలదు. క్రీ. శ. 9వ శతాబ్దిలోని యా గుడిలో ముఖమండపపు గోడపై నొకప్రక్క హారీతి, ఎదుట బాంచికుడు. పిల్లలు చెట్లెక్కి పండ్లు కోయుచున్నారు. ఇది శాస్త్రానుసారమైన రూపము. దానికి దూర్పున నున్న బాలిద్వీపమున మఱొక విచిత్రము జరిగినది. గోవాగజ యను గుహయెదుట ననేకశిశువులతో గూడిన ప్రాత హారీతివిగ్రహ మున్నది. బాలిజనులు శైవాచారపరులు. వారికి హారీతి తెలియదు. వారి జానపదకథలలో బదునెనమండ్రు బిడ్డలను గన్న మెన్ బ్రాయుత్ అను పేదరా లొకతె కలదు. ఆ విగ్రహ మామెదే యని వారు సంతానార్థమై యర్చింతురు. యక్షిణి పోయి యిల్లాలు వచ్చినది. పుట్టినప్పటి గొల్లయిల్లాలివంటిదే మరల నయినది.

నేపాళమున నామె పేరు చెడలేదు. స్వయంభూచైత్యము ప్రక్కనే హారతీ అజిమా గుడి యున్నది. నేవారీభాషలో అజిమా యనగా నవ్వ. మసూచి నామెయే యిచ్చును, ఆమెయే మాన్పునని నమ్మకము. మన దేశమున మసూచిని అమ్మవారనుట ప్రసిద్ధము, అచ్చట నవ్వగారైనది. బౌద్ధులైన వజ్రాచార్యులు పూజచేయుదురు. హిందువులు శీతల యని మ్రొక్కుదురు. ఒకే విగ్రహము, ఒకే నైవేద్యము. ఇరువురకు నడుమ వివాదము లేదు. 1799 ప్రాంతమున రణబహదూర్ షాహరాజు తన ప్రియరాణి మరణింపగా గినిసి యీ దేవిపై గసి తీర్చుకొని విగ్రహమును భగ్నము చేయించెనని నేపాళచరిత్రలలో జెప్పుదురు. రాజు పోయెను, గుడి మరల వెలసినది. 1980లో ప్రపంచారోగ్యసంస్థ మసూచి భూమిమీద లేదని ప్రకటించిన పిమ్మటను బిడ్డలతల్లులు మెట్లెక్కి యచ్చటికి బోవుట మానలేదు. రోగ మామె కొక పని మాత్రమే. బిడ్డ లామె యధికారము. కాఠ్మాండులోయలో హారతి పూనిన స్త్రీలు రోగములు చెప్పి మాన్పుదురు. వారికి దేవమాత లను గౌరవము గలదు.

చీనులు హారీతినామమును దమ యక్షరములలో ననుకరించియు, అర్థానుసారముగా గ్వైజిమూ యనియు బిలిచిరి. దీని యర్థము భూతశిశువుల తల్లి. పాత్రము నెత్తుట యను చిత్రకథ యచ్చటి చిత్రకారులకు మిక్కిలి ప్రీతి. భూతగణమంతయు మోకులు వేసి, సన్నలు పెట్టి, గాజుపాత్రము నెత్తజూచుచున్నది, లోపల పసివాడు కూర్చుండియున్నాడు, పాత్రము కదలదు. సంస్కృతకథలో దాచుట యొక్క వాక్యము. వీరిచేత నది మహాయుద్ధమైనది. భయానకమును హాస్యముగా మార్చు నేర్పు చీనాచిత్రకారులది. అయితే వారి యాశ్రమములలో నీ హాస్యము లేదు. మధ్యాహ్నభోజనమునకు ముందు గొలది మెతుకులు తీసి, గరుడునకును, అడవిభూతములకును, ఈ రాక్షసమాతకును నని మంత్రము చెప్పి, బయట బెట్టుట నేటికిని జరుగుచున్నది. మన గృహస్థుల వైశ్వదేవబలి నెఱిగినవారి కీ యాచారము క్రొత్తగా దోపదు. రాజగృహమున నిచ్చిన మాట నన్నము తిను ప్రతిదినమును దీర్చుచున్నారు.

జపానువారు చీనులనుండి రెండు పేర్లను గ్రహించిరి. కరితేయిమో యనునది సంస్కృతశబ్దపు టపభ్రంశము, తుద మాతృశబ్దము చేరినది. కిషిమోజిన్ అనునది యర్థానువాదము. తాంత్రికులు మొదటి పేరితో సుఖప్రసవమునకై కొలిచిరి. ఆ రూపము ఒడిలో శిశువుతో, చేత దానిమ్మపండుతో సౌమ్యముగా నుండును. దానిమ్మ బహుబీజము గావున సంతానచిహ్నము. లోకులు మాత్రము, దానిమ్మ నరమాంసపు రుచి గలది గావున బుద్ధుడు మాఱుగా నిచ్చెనని చెప్పుకొందురు. పండితుని యర్థ మొకటి, పామరుని యర్థ మొకటి. రెండవదే కథకు దగ్గఱ. సద్ధర్మపుండరీకసూత్రమున ధారణీప్రకరణమునందు బదిమంది రాక్షసులతో గూడి హారీతియు ధర్మభాణకులను గాపాడుదునని ప్రతిన చేయును. ఆ సూత్రమే సర్వస్వమని నమ్మిన నిచిరెన్ శాఖీయు లందుచేత నామెను దమ రక్షకదేవతగా గైకొని, రెండవ పేరితో నర్చింతురు.

టోక్యోలోని జోషిగయ యను పేటలో 1664లో గట్టిన కిషిమోజిన్ మందిరము కలదు. అచ్చట నామె పేరు వ్రాయుటలో నొక విశేషము. భూతార్థకమైన యక్షరమునకు దలపై నొక చిన్న గీత యుండును. అది భూతపు గొమ్మని జపానీయుల భావన. ఆ మందిరమువారు ఆ గీత లేకుండ నక్షరమును వ్రాయుదురు. శరణుజొచ్చిన పిమ్మట నామెకు గొమ్ము లేదుగదా యని వారి యుపపత్తి. వర్ణలోపమున కిట్టి హేతువు నే వ్యాకరణమును జెప్పలేదు. కాని యిది హేతువు కాదనుటకు నే వైయాకరణునకును నోరు రాదు.

ఇక నామవిచారము. జనులు బిడ్డలను హరించుటచే హారీతి యనిరని కథ. హృఞ్ ధాతువుపై గర్తృవాచకములు సిద్ధములు. తృచ్ ప్రత్యయమున హర్త్రి, ణ్వుల్ చేత హారిక, ణినిచేత హారిణి యగును. హారీతి యగుటకు మార్గము లేదు. సంస్కృతభాషకు శిశువుల నెత్తుకొనిపోవు దేవతను జెప్పవలసివచ్చినపుడు చక్కని మాటయే యున్నది. కాశ్యపసంహితలోని రేవతీకల్పము జాతహారిణి యనును; మార్కండేయపురాణమును నట్లే యనును. ఆ హృఞ్ ధాతువునుండి యుణాదులలో నితన్ ప్రత్యయముచే బుట్టునది హరితశబ్దము, అది వర్ణవాచకము. దానికి స్త్రీలింగము పాణిని 4-1-39 సూత్రమున హరిణి, లేక హరిత. కావున హరించునది హారీతి యనుట నిరుక్తమార్గమే గాని వ్యాకరణమార్గము గాదు. కథకులకు నిరుక్తము చాలును. వారిని దప్పుపట్టవలసిన పనిలేదు.

హారితీశబ్దము వ్యాకరణమున సిద్ధించు దారి యొక్కటి కలదు. హరితు డొక ఋషి. ఆతని పేరు బిదాదిగణమున జదువబడినది. 4-1-104 సూత్రమున గోత్రార్థమునం దఞ్ ప్రత్యయము వచ్చి హారితు డగును. ఆ గోత్రమున బుట్టిన స్త్రీ 4-1-73 సూత్రమున ఙీన్ ప్రత్యయముచే, బైది యనునట్లు, హారితి యగును. ఆమె కొడుకు హారితీపుత్రుడు. ఇకారదైర్ఘ్యము శాసనలేఖకుల యిచ్చ. ధర్మసూత్రకారుడైన హారీతుని పేరు వారి చెవులలో నుండుటచే దీర్ఘము వచ్చియుండును. బనవాసిలోని చుటుకుల సాతకర్ణి ప్రాకృతశాసనమున నీ బిరుదము హారితీపుత యని హ్రస్వముతోనే కనబడుచున్నది.

తల్లి గోత్రమునుబట్టి కొడుకును బిలుచుట దక్షిణాపథమున సర్వసామాన్యము. శాతవాహనులలో గౌతమీపుత్ర సాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి. విజయపురి నేలిన యిక్ష్వాకులలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. బృహదారణ్యకము చివరనున్న వంశబ్రాహ్మణమున గౌతమీపుత్రుడు, భారద్వాజీపుత్రుడు మున్నగు నాచార్యుల పేర్లు వరుసగా నున్నవి. గౌతమి యన నొక దేవతయనియు, వాసిష్ఠి యన నొక యక్షిణియనియు నెవ్వరు నూహింపలేదు. హారీతి యొక్కతెకే యీ గౌరవము కలుగుట కామె పేరుగల యక్షిణి యుండుటయే కారణము.

కదంబుల తాళగుంద స్తంభశాసనమున నీ విశేషణమే త్ర్యార్షేయమార్గముతోను, మానవ్యగోత్రముతోను, వేదవిహితకర్మలతోను గలిసియున్నది. హరితగోత్రమునకు నాంగిరస, ఆంబరీష, యౌవనాశ్వులను ముగ్గురు ఋషులు ప్రవర. యక్షిణీసంతానమును జెప్పదలచిన కవి త్ర్యార్షేయమును స్మరింపడు.

ఇంతకంటె బలవత్తరమైన సాక్ష్యము రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనమునం దున్నది. తండ్రి చనిపోగా ముడివేము అగ్రహారమున విష్ణుభట్టసోమయాజి యింట బుట్టిన విష్ణువర్ధనునకు, మానవ్యసగోత్ర హారీతీపుత్రములను ద్విపక్షగోత్రముల క్రమమునకు దగిన కర్మలు చేయింపబడెనని యందు గలదు. ద్విపక్షమనగా బితృపక్షము, మాతృపక్షము. ఆ వంశావళి యెంత కల్పితమైనను గావచ్చును. కల్పించినవాడు తన ప్రభువుల బిరుదము నెట్లర్థము చేసికొనెనో యీ యొక్క పదము చెప్పుచున్నది. సప్తమాతృకలచే బెంపబడుట యను విశేషణము వేఱు, అది వేఱుచోట నున్నది. రెంటిని ముడివేసినవారు ఆధునికులు.

ఇందుచే నీ దేవి యాంధ్రదేశమునకు రాలేదని యర్థము గాదు. ఆమె వచ్చినది, వచ్చిన చోటు వేఱు. నాగార్జునకొండలో 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో బ్రేక్షాగారమునకు బైనున్న గుట్టమీద హారీతి గుడి బయలుపడినది. ఇక్ష్వాకుల రాజధానిలో వినోదము చూచుటకు గూడిన జనులు తలయెత్తినచో గుడి కనబడుచుండెను. ఆ నగరముననే మహాదేవి ఖండువుల యవిధవయు జీవపుత్రయు నని తన్ను జెప్పుకొనుచు నొక మాతృవిగ్రహమును జేయించినది. అది హారీతి కాదు, కాని జీవపుత్ర యనిపించుకొనవలెనను నాకాంక్ష యెంత గాఢమో యా శాసనము తెలుపును. నాగార్జునసాగరము నిండునాటికి బ్రేక్షాగారముతోపాటు హారీతి గుడి కట్టడమును అనుపు వద్ద గట్టుమీద మరల నిలిపిరి. ఆ దేవిని గొలిచిన నగరమున రాజులు వాసిష్ఠీపుత్రులు, మాఠరీపుత్రులు. రాజులలో హారీతీపుత్రు డొక్కడును లేడు.